డైమండ్ బ్లేడ్ మొరాయిస్తే ఏం చూడాలి: ఇటుక, కాంక్రీట్, టైల్ కోసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

నిన్నటిదాకా ఇటుకల్ని చకచకా కోసిన బ్లేడ్‌ను ఇవాళ విట్రిఫైడ్ టైల్ మీద పెడితే గీటు కూడా దిగదు. మిషన్ గోల పెడుతుంది, అంచు చుట్టూ నిప్పురవ్వలు లేస్తాయి, కాలిన వాసన వస్తుంది. అప్పుడు చాలామంది ఇంకాస్త గట్టిగా నొక్కుతారు. దాంతో టైల్ పగులుతుంది, లేదా మోటార్ వేడెక్కి ఆగుతుంది. చివరికి బ్లేడ్ పాడైందని మూలన పడేసి కొత్తది కొంటారు. నేను చూసినంతలో అలా మూలన పడ్డవాటిలో చాలావరకు ఇంకా సగానికి పైగా పని మిగిలిన బ్లేడ్లే. వాటికి కావలసింది పది నిమిషాల సాన, లేదా వాటికి తగ్గ రాయి.

బ్లేడ్ తనకేం జరిగిందో తన ఒంటి మీదే రాసి పెట్టుకుంటుంది. రంగు, అరుగుదల, పగులు, చప్పుడు చూస్తే కారణం దొరుకుతుంది. వాటిని ఎలా చదవాలో, చదివాక ఏం చేయాలో వరసగా చెబుతాను.

అసలు ఎలా కోస్తుంది

చెక్కను రంపం కోసినట్టు రాయిని డైమండ్ బ్లేడ్ కోయదు. అరగదీస్తుంది. దాని అంచులో ఇసుక రేణువులంత సన్నటి వజ్రపు పలుకులు ఉంటాయి. ఇవి గనిలోంచి తవ్వినవి కావు, ఫ్యాక్టరీలో చేసినవి. 1955లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ కృత్రిమ వజ్రం తయారు చేసినట్టు ప్రకటించింది. వజ్రపు పనిముట్లు మామూలు పనివాళ్ల చేతికి వచ్చింది ఆ తర్వాతే. ఈ పలుకుల్ని కోబాల్ట్, ఇనుము, కంచు లాంటి లోహపు పొడుల్లో కలిపి, వేడితో ఒత్తి గట్టిపరుస్తారు. పలుకుల్ని పట్టి ఉంచే ఆ లోహాన్ని బాండ్ అంటారు. మధ్యలో ఉండే పలచటి ఉక్కు రేకుకు ఈ అంచును అతికిస్తారు. అంచు ముక్కలుగా ఉంటే ఆ ముక్కల్ని పళ్లు అంటాం.

పైకి తేలిన పలుకు రాయిని గీకుతుంది. గీకి గీకి మొద్దుబారి, చివరికి రాలిపోతుంది. ఈలోగా రాతిపొడి బాండ్‌ను కొద్దికొద్దిగా తినేసి, లోపలున్న కొత్త పలుకును బయటపెడుతుంది. అంటే అంచు అరుగుతున్నంతసేపే బ్లేడ్ పదునుగా ఉంటుంది. ఏమాత్రం అరగని బ్లేడ్ కోయడం మానేసినట్టే.

అందుకే బ్లేడ్ ఎంపిక చాలామంది అనుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. గట్టి రాయికి మెత్తటి బాండ్ కావాలి. మెత్తగా, గరుకుగా ఉన్నదానికి గట్టి బాండ్ కావాలి. గ్రానైట్, విట్రిఫైడ్ టైల్, బాగా ముదిరిన కాంక్రీట్ లాంటివి వజ్రాన్ని త్వరగా మొద్దుబారుస్తాయి కానీ వాటి పొడి సన్నగా ఉండి బాండ్‌ను పెద్దగా అరగదీయదు. అక్కడ బాండ్ తనంతట తాను త్వరగా అరిగిపోవాలి, అందుకే మెత్తటిది. ఎర్ర ఇటుక, ఇసుకరాయి, సిమెంట్ ఇటుక, పోసి ఒకటి రెండు రోజులే అయిన కాంక్రీట్ లాంటివి ఉప్పుకాగితంలా పనిచేస్తాయి. వాటి ముందు మెత్తటి బాండ్ నిలవదు. ఒక్క పూటలో పళ్లు కరిగిపోతాయి.

"గట్టి రాయి కదా, గట్టి బ్లేడ్ ఇవ్వండి" అని అడిగి కొనుక్కుంటే సరిగ్గా పనికిరానిదే చేతికొస్తుంది. బాండ్ సంగతి తలకెక్కితే కింద చెప్పే సగం సమస్యలకు కారణం మీరే చెప్పగలరు.

విప్పే ముందు, విప్పాక

పని చెడుతోందని అనుమానం రాగానే ఇవి ఈ వరసలోనే చేయండి.

1. మిషన్ ఆపి ప్లగ్ పీకేయండి. బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ తీయండి. స్విచ్ ఆపేశాం కదా అని చేయి పెట్టకండి.

2. బ్లేడ్ మీది బాణం గుర్తు, మిషన్ గార్డు మీది బాణం ఒకే దిక్కు చూపిస్తున్నాయో లేదో చూడండి.

3. బ్లేడ్ చల్లబడ్డాక విప్పి కడిగి తుడవండి. బురద కింద పగుళ్లు కనపడవు.

4. అంచు మీద వేలు మెల్లగా రాయండి. సన్నటి ఉప్పుకాగితంలా గరగరలాడితే పలుకులు బయట ఉన్నట్టు. గాజులా నున్నగా తగిలితే మొద్దుబారింది.

5. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని రేకును చూడండి. నీలం మరకలు, పళ్ల మధ్య గాడుల అడుగున వెంట్రుకంత పగుళ్లు, పళ్ల కింద ఉక్కు పలచబడిన చోట్లు వెతకండి.

6. నడిమి రంధ్రం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా చూడండి. ఫ్లాంజ్‌లు రెండూ, అంటే బ్లేడ్‌ను ఇరువైపులా పట్టే లోహపు బిళ్లలు, శుభ్రం చేసి వాటి ముఖాలు సమంగా ఉన్నాయో లేదో చూడండి.

7. తిరిగి బిగించి, ప్లగ్ పెట్టకుండానే చేత్తో తిప్పండి. అంచు ఎడమకు కుడికి ఊగుతుందా? పైకి కిందికి ఎగురుతుందా? రెంటికీ కారణాలు వేరు.

బాణం దగ్గర కాసేపు ఆగుదాం. బ్లేడ్ తిరిగేటప్పుడు ప్రతి పలుకు వెనకాల బాండ్ కొంచెం తక్కువ అరిగి, తోకచుక్క తోకలా మిగులుతుంది. ఆ తోకే పలుకుకు ఆనుడు. కొంత వాడిన బ్లేడ్‌ను భూతద్దంతో చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. బ్లేడ్‌ను తిరగేసి బిగిస్తే తోక ముందుకు, పలుకు వెనక్కి వస్తాయి. ఆనుడు పోయి పలుకులు ఊడిపోతాయి. బాణం చెరిగిపోయిన పాత బ్లేడ్‌కు ఏది ముందో తెలియకపోతే ఈ తోకల్ని చూసి తేల్చుకోవచ్చు. పలుకు ముందు, తోక వెనక ఉండేలా తిరగాలి.

కోయడం మానేసింది

అందరికీ ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. వేలికి నున్నగా తగిలితే పలుకులు అరిగి బాండ్‌తో సమం అయిపోయాయి, కొత్తవి బయటికి రాలేదు. ఇక లోహం రాయిని రుద్దుతోంది అంతే. పొడిగా కోసేటప్పుడు అంచు చుట్టూ వలయంలా నిప్పురవ్వలు ఆగకుండా వస్తుంటే దానికి అదే గుర్తు. కాంక్రీట్‌లో ఇనుప చువ్వ తగిలినా రవ్వలొస్తాయి, కానీ చువ్వ దాటగానే ఆగిపోతాయి. రెంటికీ తేడా గమనించండి.

దీనికి మందు సాన పట్టడం. కత్తికి సాన పట్టడం వేరు, దీనికి వేరు. ఇక్కడ మనం పదును పెట్టేది వజ్రానికి కాదు. దాని చుట్టూ ఉన్న బాండ్‌ను కొంచెం కొరికించి, కొత్త పలుకును బయటికి తెస్తున్నాం. కాబట్టి సాన పట్టేది గరుకుగా, మెత్తగా, త్వరగా పొడయ్యేదిగా ఉండాలి. సిమెంట్ ఇటుక, ఇసుకరాయి ముక్క, వాడేసిన గ్రైండింగ్ రాయి, దీనికోసమే అమ్మే సానకడ్డీ, ఏదైనా సరే. బాగా కాలి గాజులా మారిన ఇటుక పనికిరాదు, అది ఇంకా మొద్దుబారుస్తుంది.

ముక్కను కదలకుండా బిగించండి. చేత్తో పట్టుకుని చేయొద్దు. అర సెంటీమీటరుకు మించకుండా పలుచటి గీట్లు, ఒక్కొక్కటి కొత్త చోట, పక్కపక్కన గీయండి. నీటి మిషన్ అయితే నీళ్లు ఆపకండి, ధార మాత్రం తగ్గించండి. పొడి పేస్టులా అంచుకు పట్టి ఉంటే బాండ్‌ను అదే కొరుకుతుంది. నొక్కవద్దు, మిషన్ బరువు చాలు. పది పదిహేను గీట్ల తర్వాత ఆపి, ప్లగ్ తీసి, వేలితో చూడండి. గరుకు తేలితే చాలు, ఆపేయండి. అక్కర్లేకుండా సాన పట్టిన ప్రతి గీటూ బ్లేడ్ ఆయుష్షులోంచే పోతుంది.

తర్వాత మీ అసలు పని మీద పెట్టి చూడండి. బాగా కోస్తూ రోజంతా నిలిస్తే మధ్యలో ఎప్పుడో వేడెక్కి మొద్దుబారిందన్నమాట, మరేం లేదు. నాలుగైదు టైళ్లకే మళ్లీ నున్నబడితే బాండ్ ఆ టైల్‌కు మరీ గట్టిది. ఆ బ్లేడ్‌ను ఇటుక పనికి ఉంచుకుని, టైల్‌కు మెత్తటి బాండ్ ఉన్నది తెచ్చుకోండి. ఒకే బ్లేడ్‌తో అన్నీ కోయాలని పట్టుబడితే ప్రతి గంటకోసారి సాన పడుతూ కూర్చోవాలి.

బాండ్ మార్చకుండా కొంత సర్దుకునే దారి వేగం. అంచు వేగం తగ్గితే ప్రతి పలుకూ పెద్ద ముక్క కొరుకుతుంది, దాని మీద భారం పెరిగి బాండ్ త్వరగా అరుగుతుంది. అంటే బ్లేడ్ మెత్తటి బాండ్ ఉన్నదానిలా నడుస్తుంది. వేగం పెరిగితే గట్టిదానిలా నడుస్తుంది. వేగం మార్చే బటన్ ఉన్న మిషన్ చేతిలో ఉంటే, గట్టి టైల్ మీద మొద్దుబారుతున్నప్పుడు ఒక మెట్టు తగ్గించి చూడండి. తేడా వెంటనే చప్పుడులోనే తెలుస్తుంది. రుద్దుతున్న కీచుమోత పోయి, కొరుకుతున్న గరగర వస్తుంది.

ఇంకొక సంగతి మర్చిపోతుంటారు. పొడవాటి, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పెడితే కరెంటు చివరికి చేరేసరికి వోల్టేజ్ పడిపోతుంది. మిషన్ నీరసంగా తిరుగుతుంది, కొంచెం భారం పడగానే ఆగినంత పని చేస్తుంది. తప్పు బ్లేడ్ మీదికి పోతుంది. గోడ ప్లగ్‌కు నేరుగా పెట్టి ఒకసారి కోసి చూస్తే అనుమానం తీరిపోతుంది.

మరీ త్వరగా అరిగిపోతోంది

ఇది మొదటి సమస్యకు అద్దంలో ప్రతిబింబం. గరుకు పదార్థం మీద మెత్తటి బాండ్ వాడితే ఇలా అవుతుంది. సాన పట్టడం ఇక్కడ మందు కాదు, విషం. గట్టి బాండ్ ఉన్న బ్లేడ్‌కు మారండి. నీళ్లు సరిపోకపోయినా ఇంతే, గాడిలో పేరుకున్న బురద ఆగకుండా పళ్లను నమిలేస్తుంది. ధార పెంచి గాడిని కడుగుతూ ఉండాలి. చిన్న బ్లేడ్‌ను పెద్ద మిషన్‌కు బిగించినా అంచు వేగం చాలక త్వరగా అరుగుతుంది. ఆ లెక్క కింద చెబుతాను.

ఉక్కు నీలం రంగు తిరిగింది

రేకు మీద నీలం మరక కనిపిస్తే అక్కడ ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిందని అర్థం. రేకుకు ఫ్యాక్టరీలో ఒక బిగువు పెడతారు, వేగంగా తిరిగేటప్పుడు తిన్నగా నిలబడటానికి. అంత వేడి తగిలితే ఆ బిగువు పోతుంది. చేతిలో పట్టుకుంటే తిన్నగానే కనిపిస్తుంది, మిషన్‌లో తిరిగేటప్పుడు పాములా ఊగుతుంది. పోయిన బిగువు ఇంట్లో సరిచేయలేం. అంచు దగ్గర వేడి ఇంకా ఎక్కువ ఉంటుంది. వజ్రం కూడా గాలిలో సుమారు 700 డిగ్రీల దగ్గర దెబ్బతినడం మొదలవుతుంది. రాయిని మించిన గట్టిదనం దానికుంది కానీ వేడిని ఓర్చుకునే శక్తి అంతగా లేదు.

వేడి పుట్టే కారణాలు నాలుగు చూడండి. మొద్దుబారిన అంచు, ఎక్కువ నొక్కుడు, ఒకేసారి లోతుగా దింపడం, నీళ్లు లేకపోవడం. వీటిలో మొదటి మూడూ చాలాసార్లు కలిసే వస్తాయి, ఎందుకంటే మొద్దుబారితే నొక్కుతాం, నొక్కితే కాలుతుంది, కాలితే ఇంకా మొద్దుబారుతుంది.

పొడిగా కోసేటప్పుడు ఒకే దెబ్బకు పూర్తి లోతుకు దిగకండి. గట్టి రాయిలో రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున మెట్లు మెట్లుగా దిగండి. పది పదిహేను సెకన్లు కోశాక బ్లేడ్‌ను గాడిలోంచి తీసి, గాలిలో ఖాళీగా తిరగనివ్వండి. ఆ గాలే దానికి చల్లదనం. పళ్ల మధ్య గాడులు పెట్టింది కూడా చాలావరకు ఇందుకే.

నీటితో మాత్రమే వాడాలని రాసి ఉన్న బ్లేడ్‌ను ఒక్క నిమిషం కూడా పొడిగా వాడొద్దు. అలాంటి వాటికి పళ్లను తరచుగా వెండి కలిసిన టాంకంతో అతికిస్తారు, వేడికి అది కరిగిపోతే తిరుగుతున్న పన్ను ఎగిరిపోతుంది. పొడి పనికి చేసిన వాటికి ఎక్కువగా లేజర్ వెల్డింగ్ ఉంటుంది. పొడి బ్లేడ్‌ను నీళ్లతో వాడితే మేలే తప్ప నష్టం లేదు.

నీళ్ల ధార బ్లేడ్‌కు రెండు వైపులా పడాలి. ఒక గొట్టం మూసుకుపోయి ఒక వైపే పడితే రెండో వైపు ఉక్కు కాలి, బ్లేడ్ పళ్లెంలా ఒంగుతుంది. తొట్టిలో నీళ్లు బురదగా మారినా గొట్టాలు పూడుకుపోతాయి. పెద్ద పని అయితే పూటకొకసారి నీళ్లు మార్చండి.

ఊగుతోంది, ఎగురుతోంది

పక్కలకు ఊగితే ముందు ఫ్లాంజ్ చూడండి. దాని కింద చిన్న రాతి పలుకు ఇరుక్కున్నా అంచు దగ్గర మిల్లీమీటరు ఊగుతుంది. ఒకసారి నేను అరగంట సేపు మిషన్ బేరింగ్ పోయిందనుకుని తల పట్టుకున్నాను. చివరికి లోపలి ఫ్లాంజ్ మీద ఎండిన సిమెంట్ పెచ్చు అంటుకుని ఉంది. గోటితో గీకితే ఊడింది, ఊగుడు పోయింది. అప్పటినుంచి బ్లేడ్ మార్చిన ప్రతిసారీ రెండు ఫ్లాంజ్‌లనూ గుడ్డతో తుడవకుండా బిగించను.

రెండు ఫ్లాంజ్‌లూ ఒకే వ్యాసంలో ఉండాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే బిగించగానే రేకు ఒంగుతుంది. 20 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బ్లేడ్‌ను 16 మిల్లీమీటర్ల స్పిండిల్‌కు, అంటే బ్లేడ్‌ను తిప్పే ఇరుసుకు, వేయడానికి మధ్యలో రింగు పెడతారు. ఆ రింగు మందం రేకు మందం కంటే ఎక్కువైతే నట్టు రింగును బిగిస్తుంది కానీ బ్లేడ్‌ను బిగించదు. బ్లేడ్ వదులుగా తిరుగుతూ రంధ్రాన్ని కోలగా తినేస్తుంది. రింగు రేకు కంటే ఒక పిసరు పలచగా ఉండాలి. రింగు లేదని గుడ్డముక్కో టేపో చుట్టి బిగించే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి.

పైకి కిందికి ఎగురుతూ, అంచు ఒక వైపు ఎక్కువ ఒక వైపు తక్కువ అరిగితే రంధ్రం సాగడమో, స్పిండిల్ అరగడమో, బేరింగ్ పోవడమో అయి ఉండాలి. స్పిండిల్‌ను పట్టుకుని కదిపితే లటలటలాడితే బేరింగ్ మార్చాలి. బేరింగ్ మార్చకుండా కొత్త బ్లేడ్ వేస్తే అదీ వారంలో అలాగే అవుతుంది.

బ్లేడ్, మిషన్ రెండూ సరిగ్గా ఉండి కూడా గాడిలో ఇరుక్కుంటుంటే పళ్ల మందం కొలవండి. పన్ను ఉక్కు రేకు కంటే కొంచెం మందంగా ఉంటుంది, గాడిలో రేకు రాసుకోకుండా. పక్కల అరిగి అరిగి పన్ను మందం రేకుతో సమం అయితే ఇక ఆ సందు ఉండదు. ఎత్తులో పన్ను ఎంత మిగిలి ఉన్నా ఆ బ్లేడ్ పని అయిపోయింది.

పన్ను ఊడింది, పగులు కనిపించింది

ఇక్కడ ఆలోచించడానికి ఏమీ లేదు. ఒక్క పన్ను ఊడినా, ఉక్కులో ఒక్క పగులు కనిపించినా బ్లేడ్ పారేయాలి. వెల్డింగ్ పెట్టించొద్దు, "ఈ ఒక్క గీటుకే" అని వాడొద్దు. పారేసే ముందు మాత్రం కారణం చూడండి, లేకపోతే కొత్తదానికీ అదే గతి.

పళ్ల మధ్య గాడి అడుగున మొదలైన పగులు వేడికీ, మరీ గట్టి బాండ్‌ను బలవంతంగా తోయడానికీ వస్తుంది. కోస్తున్న గీటులో బ్లేడ్‌ను మెలితిప్పినా వస్తుంది. వంపు గీటు కోయాలని తిరుగుతున్న బ్లేడ్‌ను పక్కకు తోసేవాళ్లకు ఇది తప్పదు. వంపు కావాలంటే పక్కపక్కన తిన్నటి గీట్లు గీసి, మధ్య ముక్కల్ని రాల్చి, అంచును అరగదీసి గుండ్రం చేయండి.

పన్ను కింద ఉక్కు పలచబడితే అది గరుకు బురద చేసిన పని. నేల మీద పరిచిన రాళ్లను కోసేటప్పుడు బ్లేడ్ రాయి దాటి కింది ఇసుకలోకి దిగితే ఇది చాలా త్వరగా జరుగుతుంది. పైకి పళ్లు నిండుగా కనిపిస్తాయి, కింద ఆనుడు ఉండదు. అందుకే అంత ప్రమాదం. లోతును రాయి మందానికే పెట్టుకోండి. ఇలాంటి పని తరచుగా ఉంటే అంచు లోపలివైపు కూడా రక్షణ పళ్లు ఉన్న బ్లేడ్ తీసుకోండి.

టైల్ అంచు పెచ్చులూడుతోంది

టైల్ పనిలో బాధంతా ఇక్కడే. గోడకు, నేలకు కనిపించే అంచు ఇది, దాచడానికి వీల్లేదు.

ముందు బ్లేడ్ రకం చూడండి. పళ్లు విడివిడిగా ఉన్న బ్లేడ్ ఇటుకకు, కాంక్రీట్‌కు. టైల్ మీద ప్రతి పన్నూ చిన్న సుత్తిలా కొడుతుంది. టైల్‌కు గాడులు లేని నిండు అంచు బ్లేడ్ గానీ, సన్నటి వలలాంటి అంచు ఉన్న టర్బో గానీ కావాలి. నిండు అంచుకు గాలి ఆడే చోటు లేదు, అందుకే ఎక్కువగా నీళ్లు అడుగుతుంది.

బ్లేడ్ రకం సరైనదే అయినా పెచ్చులూడితే, అంచు టైల్‌లోంచి ఏ ముఖం వైపు బయటికి వస్తోందో చూడండి. లోపలికి దిగే వైపు గ్లేజ్, అంటే టైల్ మీది మెరుగు పొర, వెనకాల మట్టి ఆనుడు ఉంటుంది, బయటికి వచ్చే వైపు వెనకాల ఏమీ ఉండదు, పెచ్చు లేస్తుంది. బల్ల మీది నీటి మిషన్‌లో బ్లేడ్ సాధారణంగా పైనుంచి కిందికి కోస్తుంది, కాబట్టి మెరుగు వైపు పైకి పెట్టాలి. చేతి మిషన్‌లో బాణం చూసి తేల్చుకోండి. అంచు కింది నుంచి పైకి లేచే మిషన్ అయితే, మెరుగు మీద మొదట ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు గీటు పెట్టి, అదే గాడిలో రెండోసారి పూర్తిగా కోయండి. మొదటి గీటు నిదానంగా వెళ్తే మిగిలింది దానంతటదే వస్తుంది. గీటు మీద మాస్కింగ్ టేపు అంటించి కోస్తే గీత కనిపించడానికీ, మెరుగు చిట్లకుండా ఉండటానికీ రెంటికీ పనికొస్తుంది.

చివర మూల విరగడం వేరే సంగతి. గీటు ముగియడానికి రెండు మూడు సెంటీమీటర్లు ఉందనగా, కోసిన ముక్క తన బరువుకు కిందికి వేలాడి మూలను తీసుకుపోతుంది. రెండు ముక్కల కిందా సమానంగా ఆనుడు పెట్టండి. దానికి మించిన ఉపాయం, అవతలి చివర నుంచి ముందే మూడు సెంటీమీటర్లు కోసుకుని, టైల్ తిప్పి ఇటునుంచి వచ్చి ఆ గాడిలో కలపడం. ఆఖరి అంగుళం దగ్గర చేతి వేగం సగానికి తగ్గించండి.

స్విచ్ బోర్డు కోసం, తలుపు మూల కోసం లోపలి మూల కోయాల్సి వస్తే మూలలో ముందు 6 నుంచి 8 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం వేయండి. గీట్లు రెండూ ఆ రంధ్రంలోకి వచ్చి ఆగాలి. పదునైన మూల మిగిల్తే పగులు అక్కడే మొదలై టైల్ మొత్తం పాకుతుంది. విట్రిఫైడ్ టైల్ ఈ విషయంలో అస్సలు దయ చూపదు. కోసిన రోజు బాగానే ఉండి, అతికించిన తర్వాత పగులు బయటపడటం కూడా నేను చూశాను.

గీటు వంకరగా పోతుంటే మూడే మూడు చూడండి. తోసే చేయి పక్కకు లాగుతోందా, బ్లేడ్ బిగువు పోయిందా, అంచు ఒక వైపే మొద్దుబారిందా. మూడోది అయితే సాన పట్టాక తగ్గుతుంది.

వేగం లెక్క

బ్లేడ్ మీద అచ్చు వేసిన గరిష్ఠ ఆర్పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, ఎప్పుడూ మిషన్ ఆర్పీఎం కంటే ఎక్కువ ఉండాలి. చేతి గ్రైండర్ల బ్లేడ్లకు అంచు వేగం సెకనుకు 80 మీటర్లకు మించకూడదన్న హద్దు చాలా బ్లేడ్ల మీద కనిపిస్తుంది. లెక్క సులువు. వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, ఆర్పీఎంతో హెచ్చవేసి, 60తో భాగించండి. ఆ హద్దు ప్రకారం 110 మిల్లీమీటర్ల బ్లేడ్‌కు సుమారు 13,900, 125కి 12,200, 230కి 6,600, 350కి 4,350 ఆర్పీఎం వస్తుంది.

ఇప్పుడు 11,000 ఆర్పీఎం చిన్న గ్రైండర్‌కు గార్డు తీసేసి 230 మిల్లీమీటర్ల బ్లేడ్ బిగించారనుకోండి. అంచు వేగం సెకనుకు 132 మీటర్లు దాటుతుంది. పన్ను ఊడితే అది తుపాకీ గుండులాంటిదే. లోతు చాలడం లేదని ఇలా చేసేవాళ్లు ఉన్నారు, దయచేసి మీరు చేయకండి. తలకిందులుగా, 6,500 ఆర్పీఎం పెద్ద మిషన్‌కు 110 మిల్లీమీటర్ల టైల్ బ్లేడ్ వేస్తే అంచు వేగం 37 మీటర్లే. ప్రాణాపాయం లేదు కానీ కోత గరుకుగా వస్తుంది, బ్లేడ్ ఊరికే అరుగుతుంది.

మిషన్ గుర్రపు బలం కూడా లెక్కలోకి వస్తుంది. బలహీనమైన మిషన్ పలుకుల మీద తగినంత భారం వేయలేదు, అందుకే గట్టి బాండ్ దాని కింద త్వరగా నున్నబడుతుంది. చిన్న మిషన్‌తో గట్టి కాంక్రీట్ కోయాలంటే మెత్తటి బాండ్ తప్ప దారి లేదు.

దుమ్ము, నీళ్లు, కరెంటు

ఇటుక, టైల్, కాంక్రీట్ అన్నింటిలోనూ స్ఫటిక సిలికా ఉంటుంది. కంటికి కనపడనంత సన్నటి ఆ పొడి ఊపిరితిత్తుల్లో దిగితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. పనిచోట్ల పీల్చే ఈ ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. మొహానికి చుట్టిన తువ్వాలు దీన్ని ఆపదు. ఎన్95 లేదా అంతకు మించిన మాస్కు మొహానికి బిగుతుగా అమరాలి. అన్నిటికన్నా నీళ్లతో కోయడం మేలు, బ్లేడ్‌కూ ఊపిరికీ. కళ్లద్దాలు, చెవులకు మూతలు, బిగుతు దుస్తులు ఎలాగూ ఉండాలి.

నీళ్లతో కోసేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే లీకేజీ బ్రేకర్ లేని లైనుకు మిషన్ పెట్టకండి. నీళ్లకు తయారు చేయని గ్రైండర్ మీద సీసాతో నీళ్లు పోయించడం చాలాచోట్ల కనిపిస్తుంది. నీళ్లు మోటార్‌లోకి వెళ్తే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. అలాంటి మిషన్‌తో పొడిగానే, దుమ్ము లాగే గార్డు పెట్టి, మెట్లు మెట్లుగా కోయండి.

అయినా తేలకపోతే

అన్నీ చూశాక కూడా తప్పు ఎక్కడుందో తెలియకపోతే మార్పు ఒక్కొక్కటిగా చేయండి. మొదట అదే బ్లేడ్‌ను సిమెంట్ ఇటుక మీద పెట్టండి. అక్కడ హాయిగా కోస్తే బ్లేడ్ బతికే ఉంది, మీ టైల్‌కు దానికి పొత్తు కుదరలేదు. అక్కడా కోయకపోతే అదే మిషన్‌కు బాగా పనిచేస్తున్న మరో బ్లేడ్ వేయండి. అదీ నీరసిస్తే లోపం మిషన్‌లోనో కరెంటులోనో ఉంది. అది కోస్తే మీ బ్లేడ్ అంచును పరీక్షగా చూడండి. బాండ్ పూర్తిగా అరిగి వజ్రం లేని అడుగు పొర తేలి ఉండొచ్చు. చాలా బ్లేడ్లలో పన్నును ఉక్కుకు అతికే చోట వజ్రం కలపని పలచటి పొర ఉంటుంది. ఆ పొర దాకా వచ్చిన బ్లేడ్‌ను ఎంత సాన పట్టినా గరుకు తేలదు.

దాచుకునేటప్పుడు నీటి బ్లేడ్‌ను తుడిచి ఆరబెట్టి, మేకుకు వేలాడదీయండి లేదా చదునుగా పడుకోబెట్టండి. గోడకు ఆనించి నిలబెడితే, మీద బరువు పెడితే పలచటి రేకు ఒంగుతుంది. ఏ బ్లేడ్ ఏ రాయికి బాగా పనిచేసిందో మార్కర్‌తో రేకు మీదే రాసుకోండి. తర్వాతి పనికి బ్లేడ్ తీసేటప్పుడు ఆ నాలుగు అక్షరాలు చూస్తే చాలు.